మాటలు ఆలస్యమైన బిడ్డతో ఇంట్లో ఎలా మాట్లాడాలి: ఒక తండ్రి అనుభవం

మా వాడికి రెండేళ్ల రెండు నెలలు వచ్చేసరికి ఉన్న మాటలు నాలుగు. అమ్మ, తాత, బౌబౌ, 'ద'. ఆ 'ద' అంటే రా, ఇవ్వు, ఎత్తుకో, తలుపు తీయి, అన్నీ అదే. ఇప్పుడు వాడికి నాలుగున్నరేళ్లు, కళ్లు మూతపడే దాకా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. ఆ రెండు వయసుల మధ్య ఇంట్లో మేం చేసినవీ, చేయకుండా ఉండాల్సినవీ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. స్పీచ్ థెరపిస్ట్ చెప్పినవి రెండేళ్లపాటు నేల మీద కూర్చుని రోజూ చేసినవాణ్ణి.

ముందు చెవులు చూపించండి

అనుమానం రాగానే మొట్టమొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. మేం దాన్నే వాయిదా వేశాం. తలుపు ధడాలుమంటే వాడు తిరిగి చూసేవాడు, పక్కగదిలో ఫోన్ మోగితే పరిగెత్తేవాడు. పుట్టగానే చేసిన పరీక్షలోనూ అంతా బాగుందన్నారు. ఇంక చెవులకేం కాలేదనుకున్నాం.

అయితే జలుబు చేసినప్పుడల్లా కర్ణభేరి వెనక నీరు చేరుతోందనీ, జలుబు తగ్గాక కూడా అది వారాల తరబడి అక్కడే ఉండిపోతోందనీ తర్వాత తెలిసింది. నొప్పి లేదు, జ్వరం లేదు, చెవి కారడం లేదు. పెద్ద చప్పుళ్లు వినిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మాటల్లో మెల్లగా వినబడే 'స', 'ఫ', 'త' లాంటి ధ్వనులు మాత్రం సరిగ్గా అందవు. నీళ్లలో తల ముంచి, బయట మాట్లాడేవాళ్లను వింటే ఎలా ఉంటుందో అలా ఉంటుందని వినికిడి పరీక్షించే ఆడియాలజిస్ట్ చెప్పారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పరీక్షలకు భయపడాల్సిందేమీ లేదు. టింపనోమెట్రీ అనే పరీక్షలో చెవిలో మెత్తటి రబ్బరు మొన పెట్టి, గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి కదులుతోందా లేదా చూస్తారు. క్షణాల్లో అయిపోతుంది. బెరా అనేది బిడ్డ నిద్రలో ఉండగా తలకు చిన్న చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి చేస్తారు. చెవిలో వేసిన శబ్దానికి వినికిడి నరం, దాని పైన మెదడులోని దారి ఎలా స్పందిస్తున్నాయో చూసే పరీక్ష అది. నీరు ఉందని తేలితే సాధారణంగా మూడు నెలలు ఆగి మళ్లీ చూస్తారు, చాలామందికి దానంతటదే పోతుంది. పోకపోతే కర్ణభేరిలో గ్రోమెట్ అనే సన్నటి గొట్టం పెడతారు. మా వాడికి ఆ అవసరం రాలేదు. కాకపోతే చెవులు తేటపడిన మర్నాడే మాటలు వచ్చేయలేదు. అప్పటిదాకా అందని మాటలన్నీ కొత్తగా, నిదానంగా అందాలి కదా.

ఎప్పుడు వెళ్లాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. ఏడాది నిండినా బ-బ, మ-మ అని కూయకపోతే, వేలు పెట్టి చూపించకపోతే, చెయ్యి ఊపకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే వెళ్లండి. ఏడాదిన్నరకు ఒక్క మాటైనా లేకపోతే వెళ్లండి. రెండేళ్లకు 'అమ్మ రా', 'పాలు ఇవ్వు' లాగా రెండు మాటలు కలపకపోతే వెళ్లండి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ వయసైనా సరే, ఆ వారమే వెళ్లండి. మాతో ఒక డాక్టర్, 'మగపిల్లలకు ఆలస్యమే, మూడేళ్లు రానివ్వండి' అన్నారు. ఆరు నెలలు పోగొట్టుకున్నాం. ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది వాళ్లంతట వాళ్లే అందుకుంటారన్నది నిజమే. ఎవరు అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో రెండేళ్లప్పుడు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పరీక్ష చేయించుకుంటే పోయేదేమీ లేదు, ఆగితే పోయేది ఉంది.

నా ప్రశ్నల లెక్క

మొదటిసారి వెళ్లినప్పుడు థెరపిస్ట్ వాడికంటే నన్నే ఎక్కువ చూశారు. ఇంటికెళ్లి, వాడితో ఆడుకుంటూ పది నిమిషాలు వీడియో తీసుకుని, అందులో నేను ఎన్ని ప్రశ్నలు అడిగానో లెక్కపెట్టమన్నారు. రాత్రి వాడు పడుకున్నాక మా ఆవిడా నేనూ కూర్చుని లెక్కపెట్టాం. నలభై ఒకటి. 'ఇదేంటి? ఇదేం రంగు? కుక్క ఎలా అరుస్తుంది? చెప్పు నాన్నా, బంతి అను, బం-తి.' ప్రతి ప్రశ్న తర్వాత ఒక్క క్షణం కూడా ఆగలేదు, జవాబు నేనే చెప్పేసి ఇంకోటి అడిగాను. వీడియోలో ఒకచోట వాడు నోరు తెరిచాడు, పెదాలు కదిపాడు. అంతలో నేను తర్వాతి ప్రశ్నలోకి వెళ్లిపోయాను. ఆ ముక్క నేను చాలాసార్లు చూశాను.

మీరూ ఆ వీడియో తీసుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

ఆ తర్వాత మేం చేసింది మూడు ముక్కల్లో చెప్పొచ్చు. కిందకి దిగడం, అడగడం మానేసి చెప్పడం, ఆగడం.

కిందకి దిగడమంటే నిజంగానే దిగడం. వాడు నేల మీద కారు తోస్తుంటే నేను ఎదురుగా బోర్లా పడుకునేవాణ్ణి. నా మొహం, నా పెదాలు వాడికి కనపడాలి, వాడు చూసేది నాకు కనపడాలి. వాడు దేన్ని చూస్తున్నాడో దాని గురించే మాట్లాడాలి. నేను బొమ్మల పుస్తకం పట్టుకుని వాడు చక్రాన్ని చూస్తుంటే, ఆ నిమిషానికి పాఠం చక్రమే.

చెప్పడమంటే ఉపన్యాసం ఇవ్వడం కాదు. 'కారు వెళ్లింది. ఆగింది. దబ్! పడింది.' రెండు మూడు మాటలు, నిదానంగా, సరైన తెలుగులో. వాడికి ఒక్క మాట వస్తే మనం రెండు వాడాలి, రెండు వస్తే మూడు. వాడు 'కా' అంటే నేను 'కారు వచ్చింది' అనేవాణ్ణి. ఇది తెలుగులో బాగా కుదురుతుంది. క్రియ వాక్యం చివర ఉంటుంది, చివర విన్న మాట పిల్లల చెవిలో నిలబడుతుంది. వచ్చింది, పడింది, పోయింది, అయిపోయింది. మా వాడి మొదటి యాభై మాటల్లో సగం వాక్యాల చివర నేను పదే పదే అన్నవే.

ఆగడం అన్నిటికంటే కష్టం. ఒక మాట చెప్పి, వాడి మొహంలోకి ఇష్టంగా చూస్తూ, లోపల ఒకటి నుంచి పది దాకా నిదానంగా లెక్కపెట్టాలి. మొదటి రోజు నాలుగు దాటలేకపోయాను. ఆ నిశ్శబ్దం మనకే బరువు, బిడ్డకు కాదు. విన్న మాటను పట్టుకుని, తనదాన్ని వెతుక్కుని, నాలుకనూ పెదాలనూ దారికి తెచ్చుకోవడానికి వాడికి ఆ సమయం కావాలి. ఆగడం మొదలుపెట్టిన తొమ్మిదో రోజున, సబ్బు బుడగలు ఊది మూత పెట్టేసి ఎదురుచూస్తుంటే, ఎనిమిది లెక్కపెట్టేసరికి 'ఇంక' అన్నాడు. ఆ మాట మేం ఎప్పుడూ అనమని అడగలేదు.

మాటకు అవసరం పుట్టించండి, ఏడిపించకండి

బిడ్డ నోరు తెరవకముందే అన్నీ అమరిపోతే మాటతో వాడికి పనేముంటుంది? అందుకని చిన్న చిన్న ఏర్పాట్లు చేశాం. ఇష్టమైన బొమ్మను పారదర్శకమైన డబ్బాలో, గట్టి మూతతో పెట్టాం. కనిపిస్తుంది, తీయడానికి రాదు, మన దగ్గరికి రావాల్సిందే. కీ ఇస్తే తిరిగే బొమ్మ, ఊదాల్సిన బుడగలు, పెద్దవాళ్లు తోయాల్సిన ఊయల, ఇవన్నీ 'ఇంకా' అనే మాటకు పుట్టిళ్లు. చొక్కా తొడిగేటప్పుడు రెండు చేతుల్లో రెండు పట్టుకుని, 'ఎర్రదా? నీలందా?' అని ఆగండి. నేను మానకుండా ఉంచుకున్న ప్రశ్న ఇదొక్కటే, ఎందుకంటే జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. వాడు వేలు చూపించినా అది జవాబే. 'ఎర్రది! ఎర్ర చొక్కా' అని వెంటనే ఇచ్చేయాలి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఒకరోజు 'నీళ్లు' అంటేనే ఇస్తానని గ్లాసు పైకెత్తి పట్టుకున్నాను. వాడు చెయ్యి చాచాడు, 'ద' అన్నాడు, ఏడ్చాడు, తర్వాత మౌనంగా వెళ్లిపోయాడు. రెండు రోజులు నీళ్లు నన్ను అడగలేదు, వాళ్లమ్మనే అడిగాడు. చెయ్యి చాచడమే వాడి మాట అని నాకు ఆ రోజు తెలియలేదు. బిడ్డ ఏ రూపంలో అడిగినా అది అడగడమే. ఇచ్చేస్తూ ఆ మాట మనం చెప్పాలి. 'నీళ్లు. నీళ్లు కావాలి.'

సైగలు నేర్పితే మాటలు ఇంకా ఆగిపోతాయని మా అమ్మ బెంగపడింది. అలా జరగదు. సైగ మాటకు అడ్డం రాదు, ముందు నడుస్తుంది. మా వాడు 'అయిపోయింది'కి రెండు అరచేతులూ తిప్పేవాడు. ఆ మాట వచ్చిన నెలకు చేతులు తిప్పడం వాడే మానేశాడు.

ఏ మాటలు ముందు? మేం మొదట్లో రంగులు, అంకెలు, అక్షరాలు వల్లె వేయించాం. వాటితో రెండేళ్ల బిడ్డకు పనేమీ జరగదు. ఇంకా, వద్దు, ఇవ్వు, రా, తీయి, అయిపోయింది. ఇవి వాడికి పనిచేసే మాటలు. వద్దును 'అద్దు' అనడం వచ్చిన వారంలోనే వాడు చేతులు కొరకడం చాలా తగ్గింది. కావ్ కావ్, అంబా, బౌబౌ, జుయ్, దబ్ కూడా ఒకే అర్థంతో ప్రతిసారీ వాడితే మాటలే. వాటినీ లెక్కలో వేసుకోండి. ఇంట్లో రెండు భాషలు ఉంటే రెండింటి మాటలూ కలిపి లెక్కపెట్టండి. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు, అందుకని ఇంటి భాషను మానేయకండి. మీకు ఏ భాషలో ముద్దు చేయడం, కోప్పడటం, కథ చెప్పడం వస్తుందో ఆ భాషలోనే మాట్లాడండి.

మాట తప్పుగా పలికితే దిద్దకండి. మా వాడు కుక్కను 'తుత్త' అనేవాడు. నాలుక వెనక పుట్టే 'క' బదులు ముందు పుట్టే 'త' పలకడం చిన్న పిల్లల్లో మామూలే. 'తుత్త కాదు, కుక్క అను' అంటే ఆ ముచ్చట అక్కడే ఆగిపోతుంది. ముద్దుగా ఉందని మనమూ 'తుత్త' అంటే సరైన మాట వినే అవకాశం పోతుంది. 'అవును, కుక్క! పెద్ద కుక్క' అని అంతటితో వదిలేయాలి.

ఫోన్, టీవీ గురించి

ఫోన్‌లో చూపించే పిల్లల వీడియోల్లో పాటలూ మాటలూ ఉన్నాయి కదా, వింటే వస్తాయిలే అనుకున్నాను నేను. రావు. పిల్లలు భాష నేర్చుకునే తీరును పరిశోధించే పాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి థెరపిస్ట్ చెప్పారు. అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష మాండరిన్‌ను 12 సార్లు వినిపించారు. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ భాష ధ్వనులను గుర్తుపట్టారు. అవే మాటలు టీవీలో చూసినవాళ్లకు, ఆడియోలో విన్నవాళ్లకు ఏమీ రాలేదు. టీవీ బిడ్డ కళ్లలోకి చూడదు, వాడు కూస్తే ఆగి వినదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు రెండేళ్లలోపు కూర్చోబెట్టి తెర చూపించడమే వద్దంటున్నాయి. ఆ తర్వాత నాలుగేళ్ల దాకా రోజుకు గంటకు మించకూడదు. ఎవరూ చూడకపోయినా మా ఇంట్లో టీవీ మోగుతూ ఉండేది. దాన్ని ఆపేశాక మేం కూడా ఎక్కువ మాట్లాడుకున్నాం. చెవిలో నీరున్న బిడ్డకైతే ఆ రొదలో మన మాట అసలే అందదు.

దీనికోసం వేరే సమయం కేటాయించలేక చాలామంది వదిలేస్తారు. అక్కర్లేదు. స్నానం, బట్టలు, బూట్లు, పడుకోబెట్టడం ఎలాగూ రోజూ చేసేవే. అదే క్రమంలో, అవే మాటలతో చేయండి. రోజూ అదే చోట అదే మాట వింటే తర్వాత ఏం వస్తుందో వాడికి తెలుస్తుంది. కొన్నాళ్లకు మీరు చివరి మాట దగ్గర ఆగండి. 'ఒక బూటు... ఇంకో...' అని నేను ఆగితే వాడు 'బూ' అని పూర్తి చేసేవాడు. తెలిసిన పాటలో చరణం చివర ఆగినా ఇంతే. పుస్తకమైతే రాసింది రాసినట్టు చదవక్కర్లేదు, వాడు వేలు పెట్టిన బొమ్మ దగ్గరే ఉండిపోండి. అదే పుస్తకం ముప్పైసార్లు అడిగినా ఇవ్వండి.

థెరపీ మాకు వారానికోసారి, ముప్పావుగంట. మిగతా వారమంతా పని ఇంట్లో వాళ్లదే. అందుకని థెరపిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు బయట కూర్చోకుండా లోపల ఉండనివ్వమని అడగండి. వారు ఏం చేస్తున్నారో చూసి అక్కడే ఒకసారి మీరు చేసి చూపించండి. పిల్లాణ్ణి మాత్రమే లోపలికి తీసుకెళ్లి, ఏం చేశారో చెప్పని చోట మేం మొదట నెలన్నర గడిపాం. అది మానేసి మంచి పని చేశాం. బిడ్డ మాటలతో పాటు కళ్లలోకి చూడటం, వేలితో చూపించడం, కలిసి ఆడటం కూడా తక్కువగా ఉంటే ఆ సంగతి మొదటిరోజే చెప్పండి. దానికి వేరే పరిశీలన ఉంటుంది, అది త్వరగా జరగాలి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. మేం తేదీ, మాట, ఎక్కడ అన్నాడు, ఎవరూ చెప్పకుండా అన్నాడా అని నాలుగు గడులు గీసుకున్నాం. రెండేళ్ల ఐదు నెలలకు అందులో ముప్పై ఒక్క మాటలు. రెండు నెలలు ఏమీ పెరగలేదు, చాలా భయపడ్డాం. థెరపిస్ట్ నాలుగో గడి చూశారు. మాటల సంఖ్య పెరగకపోయినా, ఎవరూ చెప్పకుండా తనంతట తాను అన్నవి ఆరు నుంచి ఇరవై రెండయ్యాయి. ఆ తర్వాత మూడు వారాలకు, 'తాత పోయింది' అని వచ్చింది. తాత తలుపు వేసుకుని బయటికి వెళ్లాడు. 'అవును, తాత వెళ్లాడు' అని మా ఆవిడ అంది. నేను తేదీ రాసుకున్నాను.