ఫంగస్‌లో (శిలీంధ్రాల్లో) కొత్త జీనస్ (ప్రజాతి) రాసే ఆలోచన ఉంటే ముందు ఇవి చూసుకోండి

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు వానలు తగ్గుతున్నాయి కదా, ఎండు వెదురు పుల్లల మీద నల్లచుక్కల్లా ఉండే ఆస్కోమైసీట్లు (సంచిలాంటి ఆస్కస్‌లలో స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి బీజాలు, చేసే ఫంగస్‌లు) ఏరేవాళ్ల కోసం.

- ఫంగస్ పేర్లు నమోదు చేసే మైకోబ్యాంక్‌లోనో ఇండెక్స్ ఫంగోరంలోనో నంబర్ తీసుకుని వివరణలోనే వేయండి. 2013 జనవరి నుంచి అది లేకపోతే పేరే చెల్లదు, ఫొటోలు ఎంత బాగున్నా అంతే.

- టైప్ శాంపిల్ (కొత్త పేరుకి ఆధారమైన నమూనా) ఏ హెర్బేరియంలో (ఎండు నమూనాలు దాచే చోటు) పెట్టారో రాయాలి, పుణె అఘార్కర్ సంస్థలో ఒకటుంది. ల్యాబ్‌లో పెంచుతూ బతికి ఎదుగుతున్న కల్చర్ టైప్‌గా పనికిరాదు, ఎండబెట్టిందైతే ఓకే.

- స్లైడ్ ముందు నీళ్లలోనే చూడండి. లాక్టోఫినాల్‌లో (స్లైడ్ మీద వేసే మందు) స్పోర్లు ముడుచుకుపోయి కొలతలు తేడా కొడతాయి, పైగా రెండు గోడల ఆస్కస్‌లో లోపలి గోడ బయటికి సాగడం తాజా శాంపిల్‌లోనే బాగా కనిపిస్తుంది, ఇంటికెళ్లాక తీరిగ్గా చూద్దాంలే అనుకుంటే అది పోయినట్టే. స్పోర్ చుట్టూ జిగురు పొర ఉందా అంటే ఇండియా ఇంకు చుక్క వేస్తే తెలిసిపోద్ది.

- డీఎన్ఏలో ఐటీఎస్ అనే భాగం ఒక్కటే చూసి జీనస్ అనేయకండి, దూరపు చుట్టాల మధ్య అది సరిగా పోల్చలేం. ఎల్ఎస్‌యూ, టెఫ్1 అనే డీఎన్ఏ భాగాలు కూడా చేయించండి.

- శాంపిళ్లకి ప్లాస్టిక్ కవర్లు వద్దు, చెమ్మకి వేరే బూజు ఎక్కేస్తది.

- ఫంగస్ దొరికిన చెట్టు పేరు అక్కడి సవర గిరిజనులు చెప్పింది రాసుకోండి, అయినా చెట్టు ఏదో సరిచూసుకోడానికి ఆకుకొమ్మ ఒకటి తెచ్చుకోండి.