ఖరీదైన వాచీ రోజుకు నిమిషాలు నిమిషాలు ముందుకు పోతోందా? విప్పించే ముందు ఇది చూడండి

నెల్లూరులో నా వాచీ రిపేరు బల్ల మీదికి వచ్చే స్విస్ వాచీల్లో సగం చీమకుర్తి గ్రానైట్ వాళ్లవి, అల్లూరు వైపు రొయ్యల చెరువుల వాళ్లవి. లక్షలు పోసి కొన్నది తేడా చేస్తే అందరూ అనేది ఒకటే మాట, "అన్నా, లోపల ఏదో పోయినట్టుంది, విప్పి చూడు". చాలాసార్లు లోపల ఏమీ పోయి ఉండదు. బయటి నుంచే చూసుకోగలిగినవి ముందు చూడండి. సెల్లుతో నడిచే వాచీల సంగతి వేరు, ఇదంతా కీ ఇచ్చేవాటికి, ఆటోమేటిక్‌లకు.

ఆగిపోతోంది, వెనకబడుతోంది

ఆటోమేటిక్ వాచీకి చెయ్యి కదిలితేనే స్ప్రింగు చుట్టుకుంటుంది. రోజంతా ఆఫీసు కుర్చీలో కూర్చునేవాళ్లకు, పెద్ద వయసు వాళ్లకు ఆ కదలిక చాలదు. నిండుగా చుట్టినా చాలా మోడళ్లు 40 నుంచి 70 గంటలు నడుస్తాయి, అంతే. శనివారం బీరువాలో పెట్టింది సోమవారం ఆగి ఉంటే అది రిపేరు కాదు. కీ 30, 40 చుట్లు ఇచ్చి ఒక రోజు చేతికి పెట్టుకుని చూడండి. అప్పటికీ వెనకబడుతూ, సర్వీసింగ్ చేయించి ఏడెనిమిదేళ్లు దాటి ఉంటే లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, అప్పుడు విప్పాల్సిందే.

అద్దం లోపల ఆవిరి

నేను మొదట అడిగేది ఒక్కటే: కీ మర తిప్పి బిగించారా? సగం మంది టైమ్ సరిచేసి కీని లోపలికి నొక్కి వదిలేస్తారు, మర బిగించరు, ఆ చేత్తోనే చెరువులో దిగుతారు. వెనక 100 మీటర్లు అని రాసి ఉంది కదా అంటారు. ఆ లెక్క కీ బిగించి, లోపలి రబ్బరు వాషర్లు బాగున్నప్పటిది. ఉప్పునీళ్లు పోతే ఆ రోజే తీసుకెళ్లండి. బియ్యం డబ్బాలో పెట్టి నాలుగు రోజులు చూస్తే ఆ నాలుగు రోజుల్లోనే తుప్పు మొదలవుతుంది.

తేదీ మధ్యాహ్నం మారుతోంది, లేదా సగంలో ఇరుక్కుంది

మధ్యాహ్నం మారితే ముల్లు 12 గంటలు ముందుకు తిప్పండి, సరిపోతుంది. ఇరుక్కుంటే మాత్రం బలం పెట్టకండి. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా చాలా వాచీల్లో తేదీ పళ్లు పట్టుకుని ఉంటాయి, అప్పుడు కీతో తేదీ మారిస్తే పన్ను విరుగుతుంది. ముల్లు 6 దగ్గరికి తెచ్చాకే తేదీ మార్చాలి.

ముందుకు పరిగెడుతోంది

రోజుకు అయిదు సెకన్లు ముందుంటే కంగారు పడకండి. వాచీ టైమ్ కచ్చితంగా చూపిస్తుందని సర్టిఫికెట్ ఇచ్చే స్విస్ క్రోనోమీటర్ పరీక్షలోనే సగటున రోజుకు 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు దాకా ఒప్పుకుంటారు. నేను చెప్పేది నిన్నటిదాకా బాగా నడిచిన వాచీ ఉన్నట్టుండి రోజుకు రెండు, నాలుగు, పది నిమిషాలు ముందుకు పోవడం గురించి. ఇలా వస్తే ముందు అనుమానించాల్సింది అయస్కాంతాన్నే.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. కొన్నేళ్ల కింద ఒకాయన రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోయే వాచీ తెచ్చాడు. విప్పాను, కడిగాను, నూనె వేశాను, నిదానం వైపు జరిపి టైమ్ కలిపి ఇచ్చాను. పది రోజులకు, "ఏందన్నా, ఇప్పుడు వెనక్కి పోతాంది!" అంటూ మళ్లీ వచ్చాడు. అప్పుడు వెలిగింది. వాచీకి అయస్కాంతం పట్టి ఉండగా నేను దాన్ని నిదానం చేశాను, తర్వాత ఆ అయస్కాంతం కాస్త వదిలేసరికి నేను జరిపిన నిదానం బయటపడింది. ఆరా తీస్తే, ఆయన రోజూ పడుకునేటప్పుడు వాచీ తీసి ఫోన్ మీద పెడతాడట, ఆ ఫోన్ కవరు మూతకేమో అయస్కాంతం. విప్పాల్సిన అవసరమే లేని వాచీని విప్పాను, ఆయన దగ్గర డబ్బు తీసుకున్నాను. ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను గానీ ఆ బాధ ఇంకా ఉంది.

లోపల జరిగేది ఇది. టిక్ టిక్ మని ఊగుతూ టైమ్ నడిపే బ్యాలెన్స్ వీల్ అనే చక్రాన్ని అటూ ఇటూ ఊపేది వెంట్రుక కన్నా సన్నని హెయిర్ స్ప్రింగ్. దానికి అయస్కాంతం పడితే పక్కపక్క చుట్లు అతుక్కుంటాయి. అతుక్కున్న మేర స్ప్రింగు పొట్టిదైనట్టే, పొట్టి స్ప్రింగు గబగబా కొట్టుకుంటుంది, చాలా వాచీల్లో గంటకు 28,800 సార్లు కొట్టాల్సింది ఇంకా ఎక్కువ కొడుతుంది.

ధర చూసి ధైర్యపడొద్దు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో 1.77 కోట్ల డాలర్లు దాటింది, దానిలో ఉన్నదీ ఆ కాలపు లోహపు స్ప్రింగే. కాపాడేది ధర కాదు, స్ప్రింగు దేనితో చేశారన్నది. సిలికాన్ స్ప్రింగులకు అయస్కాంతం పట్టదు. ఒమెగా 2013లో 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) తట్టుకునే వాచీ తెచ్చింది, 1950ల్లో వచ్చిన రోలెక్స్ మిల్‌గాస్ 1,000 గాస్‌కు తట్టుకునేది. మీదాంట్లో ఏముందో తెలియకపోతే పడుతుందనే అనుకోండి.

చూసుకునే పద్ధతి చాలా తేలిక. స్కూలు పిల్లల దిక్సూచి ఒకటి బల్ల మీద పెట్టి, ముల్లు నిలబడ్డాక వాచీని పక్కకు తెచ్చి మెల్లగా తిప్పండి. ముల్లు కాస్త కదిలితే లోపలి ఉక్కు వల్ల. వాచీ తిప్పినకొద్దీ ముల్లు దానితోపాటు తిరుగుతుంటే అయస్కాంతం పట్టినట్టే. పట్టుకునే చేతికి ఇనప కడియం ఉంటే తీసేయండి.

అయస్కాంతం తీసే చిన్న మిషను, డీమ్యాగ్నటైజర్, ఆన్‌లైన్లో చవగ్గానే దొరుకుతుంది. వాచీ దాని మీద పెట్టి, బటన్ నొక్కి, నొక్కి ఉంచే వాచీని మెల్లగా నిట్టనిలువుగా పైకెత్తండి. చెయ్యి చాచినంత దూరం పోయాకే బటన్ వదలాలి. వాచీ దాని మీద ఉండగానే వదిలితే ఉన్నదానికి తోడు ఇంకా పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోయినా అదే జరుగుతుంది, కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి చేయండి. తర్వాత ఫోన్ కవరు, కార్లో ఫోన్ అతికించే స్టాండు, స్పీకరు, హ్యాండ్‌బ్యాగు బొత్తాం, వీటికి వాచీని జానెడు దూరంలో ఉంచితే చాలు.

హెయిర్ స్ప్రింగ్ మీద నూనె పడటం, కింద పడేసినప్పుడు చుట్లు చిక్కుపడటం కూడా ఉన్నాయి గానీ అరుదు, అవి ఇంట్లో తేలవు.

అయస్కాంతం తీశాక ఫోన్ టైమ్‌తో కలిపి రెండు రోజులు చూడండి. అప్పటికీ పరిగెడితే రిపేరుకు ఇవ్వండి, ఇచ్చేటప్పుడు అయస్కాంతం తీసేశానని అతనికి ముందే చెప్పండి.