ముగ్గురాయి పొడి గ్రావిటీ: లీ షాట్లియర్ ఫ్లాస్కుతో నమ్మదగ్గ అంకె రాబట్టడం ఎలా

రాయలసీమలోని మంగంపేట ముగ్గురాయికి, అంటే బెరైటీస్‌కు, ధర పలికేది గ్రావిటీని, అంటే సాంద్రతను బట్టి. ఈ పొడిలో ఎక్కువ భాగం చమురు బావుల్లో డ్రిల్లింగ్ మడ్‌కు (తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద ద్రవానికి) బరువు పెంచడానికి వెళ్తుంది కాబట్టి కొనేవాళ్లు ముందు అడిగేది ఆ అంకే. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 13ఏ ప్రమాణం ప్రకారం పొడి సాంద్రత మి.లీ.కు కనీసం 4.20 గ్రాములుండాలి. 2010లో 4.10 గ్రేడును కూడా అందులో చేర్చారు. 4.20 గ్రేడు కింద ఒప్పుకున్న లాటుకు 4.17 వస్తే వెనక్కి వస్తుంది, లేదా ధర తెగ్గోస్తారు. అంటే రెండో దశాంశ స్థానం కచ్చితంగా రావాలి. తూచిన పొడిని కిరోసిన్ ఉన్న ఫ్లాస్కులో వేసి, మట్టం ఎంత పెరిగిందో చూసి, బరువును ఆ పెరుగుదలతో భాగించేదే ఫ్లాస్కు పరీక్ష. అది అంత కచ్చితంగా ఇవ్వగలదు, కానీ నాలుగైదు చోట్ల జాగ్రత్త పడితేనే.

శాంపిల్ తీయడం

తప్పుల్లో పెద్దవి ల్యాబ్‌కు రాకముందే జరిగిపోతాయి. ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట నిక్షేపంలో రెండు రకాల పొరలున్నాయి. కింద బూడిద రంగు రేణువుల పొర, దాని పైన గుండ్రటి గుళికలు, పూరేకుల ఆకారాలు కనిపించే లాపిల్లీ పొర. కింది పొర రాయికి గ్రావిటీ ఎక్కువ, పై పొరది తక్కువ. నల్లటి కర్బన టఫ్ (అగ్నిపర్వత బూడిద గట్టిపడిన రాయి) కూడా వాటితోపాటు ఉంటుంది. ఒకే లారీలో ఈ మూడూ కలిసి రావచ్చు. కుప్ప పైనుంచి పారతో నాలుగు గడ్డలు తీస్తే అది శాంపిల్ అనిపించుకోదు. కుప్ప పోసేటప్పుడే పెద్ద గడ్డలు దొర్లి అడుగు అంచుకు చేరతాయి, చూర నడుమ మిగులుతుంది.

క్రషర్ బెల్టు మీద నుంచి రాయి జారిపడే చోట, ధార మొత్తం వెడల్పునూ ఒక్క ఊపులో దాటేలా కట్టర్‌తో (శాంపిల్ పట్టే పాత్రతో) తీయడం అన్నిటికన్నా మంచి పద్ధతి. షిఫ్టు పొడవునా సమాన విరామాల్లో తీసి కలపాలి. తర్వాత 10 మి.మీ. లోపుకు నలగ్గొట్టాకే రిఫుల్‌తోనో (శాంపిల్‌ను రెండు సమ భాగాలు చేసే పెట్టెతోనో), కోన్ అండ్ క్వార్టరింగ్‌తోనో (కుప్పగా పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకోవడంతోనో) తగ్గించాలి. పిడికెడు సైజు గడ్డలు ఉండగానే సగాలు చేసుకుంటూ పోతే, ఒక్క మంచి గడ్డ ఏ సగంలో పడిందన్నదే ఫలితాన్ని తేల్చేస్తుంది. సిద్ధమైన పొడి జంబో బ్యాగుల్లో ఉంటే గొట్టం శాంప్లర్‌ను అడుగుదాకా దించాలి. పైన దోసెడు తీసి సరిపెట్టకూడదు.

ఆరబెట్టడం

పొడిని ట్రేలో పలుచగా పరిచి 105 డిగ్రీల వద్ద కనీసం రెండు గంటలు ఉంచి, డెసికేటర్‌లో (తేమ చేరని మూతపాత్రలో) చల్లార్చాలి. చేత్తో తాకితే పొడిగానే ఉంది కదా అని దీన్ని వదిలేసేవాళ్లున్నారు. లెక్క చూడండి. అసలు సాంద్రత 4.20 ఉన్న 80 గ్రాముల పొడిలో అర శాతం తేమ ఉందనుకుందాం. అంటే 0.4 గ్రాముల నీరు, 79.6 గ్రాముల రాయి. రాయి ఆక్రమించేది 18.95 మి.లీ., నీరు 0.40 మి.లీ., మొత్తం 19.35. భాగిస్తే 4.13. అర శాతం తేమకు 0.07 పోయింది.

ఫ్లాస్కు, కిరోసిన్, నీటి తొట్టి

ఫ్లాస్కు మెడ మీద కింద 0 నుంచి 1 మి.లీ. దాకా, నడుమ ఉబ్బు, దానిపైన 18 నుంచి 24 దాకా గీతలుంటాయి. 80 గ్రాముల మంచి పొడి దాదాపు 19 మి.లీ. స్థలం తీసుకుంటుంది కాబట్టి రెండో రీడింగు పై గీతల్లో పడుతుంది. నీటికి బదులు కిరోసిన్ వాడేది అది పొడిని తేలిగ్గా తడిపి, రేణువుల మధ్య గాలిని వదిలిస్తుందని. రేషన్ షాపు నీలి కిరోసిన్ వద్దు. తేటగా, రంగు లేకుండా ఉన్నది తెచ్చుకోండి.

గది చల్లగా ఉంటే కిరోసిన్‌ను సున్నా గీతకు 22 మి.మీ. కిందిదాకా పోసి, 32 డిగ్రీల నీటి తొట్టిలో ఉంచాలి. వేడెక్కి వ్యాకోచించి అది సున్నా దగ్గరకు వస్తుంది. రాయలసీమ మే నెలలో ఇది తలకిందులవుతుంది. 40 డిగ్రీల గదిలో ఉన్న కిరోసిన్ తొట్టిలోకి వెళ్లాక సంకోచిస్తుంది కనుక సున్నా దగ్గరిదాకా నింపి, స్థిరపడ్డాక పిపెట్‌తో సరిచేయాలి. ఆ కాలంలో తొట్టికి హీటర్ ఒక్కటే చాలదు, చల్లబరిచే ఏర్పాటూ కావాలి. పొడి వేయకముందు ఫ్లాస్కు నీళ్లలో తేలవచ్చు కాబట్టి సీసపు రింగో క్లాంపో వేసి నిలబెట్టాలి.

కనీసం గంట తర్వాత, కళ్లను గీత ఎత్తుకు తెచ్చి, నెలవంక (కిరోసిన్ పైమట్టం వంపు) అడుగు అంచును 0.05 మి.లీ. వరకు చదవండి. అది మొదటి రీడింగు. అదే నిమిషంలో తొట్టి ఉష్ణోగ్రతనూ రాసుకోండి. ఎందుకంటే ఫ్లాస్కులో ఇంచుమించు 240 మి.లీ. కిరోసిన్ ఉంది, ఒక్క డిగ్రీకి అది 0.2 మి.లీ.కు పైగా పెరుగుతుంది. రెండు రీడింగుల మధ్య తొట్టి ఒక్క డిగ్రీ వేడెక్కితే 4.20 పొడి 4.16 లాగా కనిపిస్తుంది, ఒక్క డిగ్రీ చల్లబడితే 4.24. తొట్టి సరిగ్గా 32 దగ్గర ఉందా అన్నదానికన్నా రెండుసార్లూ ఒకే చోట ఉందా అన్నది ముఖ్యం. తేడా 0.1 డిగ్రీ దాటనివ్వకండి.

పొడి వేయడం

ఫ్లాస్కు తీసి బయట తుడిచాక, సన్నటి కర్రకు టిష్యూ చుట్టి మెడ లోపల కిరోసిన్ మట్టానికి పైభాగమంతా ఆరేలా తుడవాలి. తడిగా ఉంటే పొడి అక్కడే అంటుకుని మెడ మూసుకుపోతుంది. టిష్యూ ద్రవానికి తాకకూడదు. తాకితే కొంత కిరోసిన్ పీల్చుకుంటుంది, రెండో రీడింగు తగ్గుతుంది, సాంద్రత లేనిపోనిదిగా పెరుగుతుంది.

80 గ్రాములు, 0.05 అటూ ఇటూ, తూచి అసలు బరువు రాసుకోండి. చిన్న చెంచాతో కొంచెం కొంచెంగా వేయాలి. కుమ్మరిస్తే మెడలో అడ్డు కట్టుకుంటుంది. కాగితం మీదో, మెడ గోడకో మిగిలిన పొడిని బ్రష్‌తో లోపలికి దింపాలి. బయట మిగిలిన పొడి బరువులో లెక్కకు వచ్చింది గానీ ఘనపరిమాణంలో రాలేదు, కాబట్టి ఫలితం మీకు అనుకూలంగా తప్పుతుంది. అలాంటి తప్పును ఎవరూ వెతకరు. అది కొనేవాడి ల్యాబ్‌లోనే బయటపడుతుంది.

తర్వాత బిరడా పెట్టి, ఫ్లాస్కును వంచి పట్టుకుని రెండు అరచేతుల మధ్య మెడను నెమ్మదిగా తిప్పండి. బుడగలు పైకి వస్తాయి. కిరోసిన్ బిరడాను తాకనివ్వద్దు. అరగంట తొట్టిలో ఉంచి, మళ్లీ తీసి తిప్పండి. బుడగలు రావడం ఆగేదాకా ఇలాగే చేసి, చివరి తిప్పుడు తర్వాత కనీసం గంట ఆగి రెండో రీడింగు తీయాలి. పని తొందరలో ఎగ్గొట్టేది ఈ గంటనే. చిక్కుకున్న గాలి మంచి పొడినే చెడ్డదిగా చూపిస్తుంది.

లెక్క తేలికే. మొదటి రీడింగు 0.40, రెండోది 19.35, బరువు 80.00 అయితే, 80 ని 18.95 తో భాగిస్తే 4.22. చదవడంలో 0.05 మి.లీ. తేడా ఫలితంలో 0.01 కి సమానం. ఒకే పొడిని రెండు ఫ్లాస్కుల్లో పెట్టినప్పుడు తేడా 0.02 దాటితే సగటు తీయకండి, మళ్లీ చేయండి. బాగా కలిపిన పొడి ఐదారు కిలోలు జాడీలో దాచి, ప్రతి బ్యాచ్‌తోపాటు దాన్నీ ఒక ఫ్లాస్కులో పెడితే, తప్పు పొడిదా తొట్టిదా అన్నది వెంటనే తెలుస్తుంది. కిరోసిన్ తడి ఉన్న ఫ్లాస్కునూ, పొడినీ ఓవెన్‌లో మాత్రం ఆరబెట్టకండి, మంటలు లేస్తాయి.

గనిలో గడ్డకు

ఫేస్ (గనిలో రాయి తవ్వే చోటు) దగ్గర తొందరగా తేల్చుకోవాలంటే గడ్డను గాలిలో ఒకసారి, నీళ్లలో వేలాడదీసి ఒకసారి తూచండి. గాలిలో 840 గ్రాములు, నీళ్లలో 640 అయితే, 840 ని 200 తో భాగించాలి: 4.20. బీటలు, రంధ్రాలున్న గడ్డలో గాలి నిలుస్తుంది, అంకె తగ్గుతుంది. ఏరి పక్కన పెట్టడానికి ఇది చాలు, బిల్లుకు పనికిరాదు.

గ్రేడులు కలిపేటప్పుడు

4.30, 4.00 పొడులు కలిపి 4.20 తేవాలంటే మూడింట రెండు వంతులు మంచిది వేస్తే చాలనిపిస్తుంది. బరువుతో కలుపుతున్నాం గానీ సాంద్రత తేలేది ఘనపరిమాణాలు కూడితే. ఆ పాళ్లలో వచ్చేది 4.195. సరిగ్గా 4.20 కే మంచి పొడి 68.3 శాతం కావాలి, పరీక్ష తేడాలు తట్టుకోవాలంటే ఇంకాస్త ఎక్కువ. ప్రతి పొడి శాతాన్నీ దాని సాంద్రతతో భాగించి, వచ్చినవి కూడి, 100 ను ఆ మొత్తంతో భాగించండి.

4.21 వచ్చినా అనుమానించాల్సిన రాయి

స్వచ్ఛమైన బేరియం సల్ఫేట్ సాంద్రత సుమారు 4.48, క్వార్ట్జ్‌ది 2.65. ఈ రెండే ఉంటే 4.20 కి బెరైట్ 90 శాతం దాకా ఉండాలి. మంగంపేట రాయిలో మాత్రం పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) కూడా కనిపిస్తుంది, దాని సాంద్రత సుమారు 5. 85 శాతం బెరైట్, 15 శాతం క్వార్ట్జ్ ఉన్న పొడి 4.06 దగ్గర ఆగిపోతుంది. ఆ 15 శాతం క్వార్ట్జ్‌లో 5 శాతానికి బదులు పైరైట్ ఉంటే అదే 85 శాతం బెరైట్‌కు 4.21 వస్తుంది. ఫ్లాస్కు దీన్ని పట్టుకోలేదు. డ్రిల్లింగ్‌కు సాంద్రతే చూస్తారు గనుక సరుకు దాటిపోవచ్చు, కానీ బేరియం రసాయనాల తయారీకో, రంగులకో వెళ్లే లాటులో ఇది దొరికిపోతుంది. నలగ్గొట్టిన రాయిని భూతద్దంతో చూసి ఇత్తడి మెరుపు చుక్కలు కనిపిస్తే, బేరియం సల్ఫేట్ శాతం, సల్ఫైడ్ గంధకం విడిగా కొలిపించి, గ్రావిటీ పక్కనే రాసి పంపండి.