పాత డాస్ గేమ్ కోసం పెంటియమ్ వేగం తగ్గించడం ఎలా

1990లో డాస్ (విండోస్‌కి ముందుకాలపు ఆపరేటింగ్ సిస్టమ్) మీద వచ్చిన అంతరిక్ష యుద్ధాల గేమ్ వింగ్ కమాండర్‌ని, ఆ తర్వాతి తరం ప్రాసెసర్ పెంటియమ్ మీద ఆడి చూడండి, శత్రువు ఎటు ఉన్నాడో కనిపించేలోపే మన ఓడ పేలిపోతుంది. అప్పటి గేముల్లో చాలా గడియారం చూసుకోవు, ప్రాసెసర్ ఎంత జోరుగా తిరిగితే తెరమీద బొమ్మలూ అంత జోరుగా పరుగెడతాయి. 1981 నాటి ఐబీఎం పీసీలో 8088 చిప్ 4.77 మెగాహెర్ట్జ్‌తో నడిచేది, అందరి దగ్గరా అదే వేగం ఉన్నన్నాళ్లు ఇలా రాసినా ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

తర్వాత వచ్చిన 286, 386 ప్రాసెసర్ల కంప్యూటర్ కేబినెట్ల మీద టర్బో బటన్ పెట్టింది ఇందుకే. పేరుకే టర్బో, అసలు పని వేగం తగ్గించడం! మీ మిషన్‌కి ఉంటే ముందు అదే నొక్కి చూడండి, వైరు మదర్‌బోర్డ్‌కి తగిలించి ఉందో లేదో కూడా చూసుకోండి.

బటన్ లేకపోయినా, సరిపోకపోయినా నేను చెప్పేది ఒకటే, క్యాష్ ఆపేయండి. క్యాష్ అంటే ప్రాసెసర్ తరచూ వాడేవాటిని దగ్గర పెట్టుకునే చిన్న వేగవంతమైన మెమరీ. ప్రాసెసర్ లోపలి ఎల్1 క్యాష్ లేకపోతే ప్రతి ఇన్‌స్ట్రక్షన్ కోసం బయటి మెమరీ దాకా వెళ్లి రావాల్సిందే, దాంతో పెంటియమ్ కూడా ఇంచుమించు 386 స్థాయికి దిగుతుంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కి బయోస్ (మదర్‌బోర్డ్ సెట్టింగుల తెర)లోకి వెళ్లి, సీపీయూ ఇంటర్నల్ క్యాష్ అన్నచోట డిసేబుల్ పెట్టి సేవ్ చేయండి. ప్రాసెసర్ బయట ఉండే ఎక్స్‌టర్నల్ క్యాష్ ఒక్కటే ఆపితే తగ్గేది కొంచెమే, అయితే కొన్ని గేములకు ఆ కొంచెమే కావాలి.

ఆడాలనుకున్న ప్రతిసారీ బయోస్‌లోకి వెళ్లడం విసుగు కాబట్టి సెట్‌మల్ అనే చిన్న డాస్ ప్రోగ్రామ్ తెచ్చుకోండి. దానికి ఎల్1డి అని ఇస్తే క్యాష్ ఆగుతుంది, ఎల్1ఇ అంటే మళ్లీ మొదలవుతుంది, ఈ రెంటి మధ్యలో గేమ్ పేరు పెట్టి ఒక బ్యాచ్ ఫైల్ (వరసగా నడిచే ఆదేశాల ఫైల్) రాసుకుంటే ఆట అయ్యాక వేగం దానంతటదే తిరిగొస్తుంది. ఏఎండీ కే6-2+ ప్రాసెసర్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, రీబూట్ లేకుండానే చిప్ వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ కూడా మార్చుకోవచ్చు. ఇవన్నీ విండోస్ లోపలి డాస్ విండోలో కాదు, నేరుగా డాస్‌లోకి బూట్ అయి, ఈఎంఎం386 అనే మెమరీ డ్రైవర్ లోడ్ కాకుండా చూసుకుని చేయాలి.

మోస్లో లాంటి సాఫ్ట్‌వేర్‌లు నాకైతే ఆఖరి దారి. అవి చిప్‌ని నిజంగా నెమ్మదింపజేయవు, మధ్యమధ్యలో కాసేపు ఊరికే తిప్పి టైమ్ వృథా చేయిస్తాయి, అందుకే ఆట కుదుపులతో నడుస్తుంది.

ఎంత తగ్గిందో కంటితో అంచనా వేయకుండా టాప్‌బెంచ్ అనే వేగం కొలిచే ప్రోగ్రామ్ నడపండి, మీ మిషన్ ఇప్పుడు ఏ పాత కంప్యూటర్‌కి దగ్గరగా ఉందో చెబుతుంది.

టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో చేసిన ప్రోగ్రామ్ మొదట్లోనే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని ఆగిపోతే అదీ వేగం గొడవే. డిలే కోసం వేసుకునే లెక్క వేగమైన చిప్ మీద ఓవర్‌ఫ్లో అవుతుంది, క్యాష్ ఆపి మళ్లీ నడపండి. సియెర్రా గేములు కొన్ని సౌండ్ కార్డ్ దొరకలేదని మొరాయించడం కూడా చాలాసార్లు ఇలాంటిదే.

పాత మిషనే లేనివాళ్లకు ఇంత తతంగం అక్కర్లేదు, ఇప్పటి కంప్యూటర్‌లోనే డాస్ గేములు నడిపే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో కంట్రోల్ ఎఫ్11 నొక్కితే సైకిల్స్ (వేగం కొలత) తగ్గుతాయి, కంట్రోల్ ఎఫ్12తో పెరుగుతాయి, 3000 దగ్గర మొదలుపెట్టి గేమ్‌ని చూసుకుంటూ అటూ ఇటూ జరుపుకోండి.