చెదల మందు కొట్టించే ముందు నుయ్యి ఎక్కడుందో చూడండి

మొన్న శ్రీకాకుళం దగ్గర ఒక ఇంట్లో పునాదికి చెదల మందు కొట్టించారు. మర్నాడు పొద్దున్న తోడిన బిందెలో నీళ్ళ మీద నూనె తెట్టు, కిరసనాయిలు లాంటి వాసన. నుయ్యి వంటింటి గోడకి నాలుగడుగుల దూరంలో ఉంది. వాసన తెలిసింది కాబట్టి ఎవరూ తాగలేదు.

తొలకరికి ముందే ఈ పని పెట్టుకోవడం మంచిది. నేల పొడిగా ఉంటేనే మందు ఇంకుతుంది. జూన్‌లో ఉసుళ్ళు లైటు చుట్టూ మూగాక కంగారుగా మనిషిని పిలిచి, తడి మట్టిలో పోయిస్తే డబ్బు దండగ.

పని తీరు ఇది: గోడా గచ్చూ కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల కన్నాలు వేసి, ఒక్కోదాంట్లో లీటరు దాకా మందునీళ్ళు ఎక్కించి, సిమెంటుతో మూస్తారు. మందు క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ (నీళ్ళలో కలుపుకునే నూనె మందు) అయితే లీటరు మందుకి 19 లీటర్ల నీళ్ళు. డోసు పెంచమని ఇంటివాళ్ళే అడుగుతారు. పెంచితే చెదలు రెండుసార్లు చావవు.

ఇక నూతి సంగతి. మందు మట్టికి పట్టుకుంటుంది, ఎక్కడికీ పోదు అంటారు కొట్టేవాళ్ళు. క్లోర్‌పైరిఫాస్ విషయంలో అది చాలావరకు నిజమే, నేల గట్టిగా ఉన్నప్పుడు. పాత రాతి పునాది సందులు, ఎలక కన్నాలు, పుచ్చిపోయిన వేర్ల దారులు ఉంటే మట్టికి పట్టుకునే వ్యవధే ఉండదు. నేరుగా వరల సందుల్లోంచి నూతిలో పడుతుంది. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్ళలో ఇసక నేలకి మరీ భయం. వాసన రాదని ఇప్పుడు చాలామంది ఇమిడాక్లోప్రిడ్ కొట్టించుకుంటున్నారు. అది నీళ్ళలో ఇంకా తేలిగ్గా కరిగి కదులుతుంది. పైగా నూతిలో కలిసినా ముక్కుకి తెలియదు.

నూతి వైపు గోడకి కన్నాల్లోంచి మందు ఎక్కించనివ్వకండి. గోడ పక్క మట్టిని తవ్వి, టార్పాలిన్ మీద పరిచి, మందు అక్కడే కలిపి, పూర్తిగా పీల్చుకున్నాక తిరిగి పూడ్పించండి. అలా చెయ్యడం రాదంటే ఆ వైపు వదిలెయ్యమనండి, లేదా ఎర పెట్టే పద్ధతి ఉందేమో అడగండి.

పక్కింటి నుయ్యి కూడా నుయ్యే. గోడ అవతలకి తొంగి చూడండి.

గచ్చు కింద సంపు ఉంటే అదీ నుయ్యే.

బోరు కేసింగు చుట్టూ సిమెంటు లేకపోతే అక్కడా పొయ్యొద్దు.

మందు కొట్టిన ట్యాంకు కడిగిన నీళ్ళు నూతి గట్టు మీద పారబొయ్యనివ్వొద్దు. చెరువులోనూ వద్దు, చేపలు చచ్చిపోతాయి.

నీళ్ళలో తేడా కనిపిస్తే కాచి తాగుదామనుకోకండి. కాస్తే మందు పోదు. వాడకం ఆపండి, పశువులకీ పెట్టకండి.

డ్రిల్లు పెట్టే ముందు మెయిను ఆపించి, వైర్లు, పైపులు ఎటు పోయాయో చూపించండి.

పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ రోజు ఇంట్లో ఉంచొద్దు.

నోట్లో చొంగ, చెమటలు, ఊపిరాడకపోవడం కనిపిస్తే 108కి ఫోను చెయ్యండి, మందు డబ్బా వెంట తీసుకెళ్ళండి. వాంతి చేయించొద్దు.

మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచొద్దు. తెచ్చినవాడికే ఇచ్చి పంపెయ్యండి.