కాక్టో ట్విన్స్ పాటలు వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

స్కాట్లాండ్ బ్యాండ్ కాక్టో ట్విన్స్ పాట ఎవరికి వినిపించినా ముందు అడిగేది ఒకటే: "ఇంతకీ ఆవిడ ఏం పాడుతోంది?" మా చెల్లెలూ అదే అడిగింది. నెట్‌లో లిరిక్స్ వెతికింది. ఒక్కో చోట ఒక్కోలా ఉండేసరికి విసుగొచ్చి వదిలేసింది. అందుకే మీకు ముందే చెబుతున్నాను, మాటల కోసం వెతక్కండి. బ్యాండ్ గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ చాలా పాటల్లో మాటల్ని అర్థం చూసి కాదు, శబ్దం చూసి ఎంచుకుంది. ఇది మనకేం కొత్త కాదు. ఆలాపనకి అర్థమేమిటని ఎవరమూ అడగం. మా అమ్మమ్మ ఉయ్యాల ఊపుతూ "ఉళుళుళు హాయీ" అంటే ఏ పిల్లాడికీ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు. సగం పాట అక్కడే పోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంట్లో అందరూ పడుకున్నాక వినండి.

1990లో వచ్చిన 'హెవెన్ ఆర్ లాస్ వేగాస్'తో మొదలుపెట్టండి. మొత్తం ఆల్బమ్ 40 నిమిషాలు కూడా ఉండదు. మొదటి పాట 'చెర్రీ కలర్డ్ ఫంక్' మూడుసార్లు వినండి. మొదటిసారి గొంతు ఒక్కటే పట్టుకోండి. చరణంలో కింది స్థాయిలో, దాదాపు తనలో తాను అనుకుంటున్నట్టు పాడుతుంది. పల్లవి రాగానే ఆ గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. రెండోసారి రాబిన్ గత్రీ గిటార్ వినండి. డిలే, కోరస్, రివర్బ్ లాంటి ఎఫెక్ట్స్ వేసి పొర మీద పొర పేరుస్తాడు. గుడిలో గంట కొట్టి చెయ్యి తీసేశాక కూడా మోగుతూ ఉండే శబ్దం ఉంటుంది చూడండి, ఆ గిటార్ అలా ఉంటుంది. మూడోసారి సైమన్ రేమండ్ బేస్ గిటార్. ఆ రోజుల్లోనే ఫ్రేజర్, గత్రీలకు పాప పుట్టింది, రేమండ్ తండ్రి చనిపోయాడు. ఆల్బమ్‌లో సంతోషం, దిగులు పక్కపక్కనే వినిపించడానికి కారణం అదేనని నా నమ్మకం.

అది ఒంటబట్టాక వెనక్కి వెళ్లండి. వీళ్లది స్కాట్లాండ్‌లో గ్రేంజ్‌మౌత్, 2025 దాకా ఆయిల్ రిఫైనరీ నడిచిన ఊరు. నేను పెరిగింది విశాఖలో రిఫైనరీ పక్కన, మల్కాపురంలో. రాత్రిపూట చిమ్నీ మంటల వెలుగు మేఘాల మీద పడితే ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి, అలాంటి చోట ఇలాంటి సంగీతం పుట్టిందంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

1984 నాటి 'ట్రెజర్'లో పది పాటలు. లోరెలై, పండోరా, ఇలా పాటలన్నిటికీ పేర్లే పెట్టారు. బ్యాండ్ వాళ్లకే ఆ ఆల్బమ్ అంత నచ్చలేదు. నేను మాత్రం ఒప్పుకోను, 'లోరెలై' ఒక్కటి చాలు. ఆ తర్వాత 1986 నాటి 'విక్టోరియాలాండ్'. అందులో డ్రమ్స్ దాదాపు లేవు, నిద్ర పట్టని రాత్రికి దాచుకోండి. 1982 నాటి మొదటి ఆల్బమ్ 'గార్లండ్స్' చీకటిగా, బిగుసుకుపోయినట్టు ఉంటుంది. తొందరేం లేదు, తర్వాత వినొచ్చు. 'దిస్ మోర్టల్ కాయిల్' అనే వేరే ప్రాజెక్టు పేరుతో 1983లో ఫ్రేజర్, గత్రీ చేసిన 'సాంగ్ టు ది సైరన్' మాత్రం వదలొద్దు. అసలు అది అమెరికన్ గాయకుడు టిమ్ బక్లీ పాట. ఒక గిటార్, ఒక గొంతు, అంతే.

'ఫోర్ క్యాలెండర్ కెఫే', 1993, చివర్లో వినండి. అప్పటికి ఫ్రేజర్, గత్రీ విడిపోయారు. ఇన్నాళ్లూ మాటలు దాచిన మనిషి అందులో స్పష్టంగా పాడుతుంది. మిగతావన్నీ విన్నాక వింటేనే ఆ తేడా గుండెకి తగులుతుంది. 1996లో 'మిల్క్ అండ్ కిసెస్' వచ్చింది, 1997లో బ్యాండ్ ఆగిపోయింది. 2005లో మళ్లీ కలుస్తున్నామని ప్రకటించారు గానీ ఆ కచేరీ జరగలేదు. కాబట్టి 'మిల్క్ అండ్ కిసెస్'లో ఆఖరి పాట 'సీకర్స్ హూ ఆర్ లవర్స్' వినేటప్పుడు పక్కన ఇంకే పనీ పెట్టుకోకండి. అది అయిపోయాక వెంటనే వేరే పాట పెట్టొద్దు, కాసేపు అలా వదిలేయండి.