జీఆర్‌ఈ వెర్బల్: తెలిసిన మాటల దగ్గరే జాగ్రత్త

లోన్ శాంక్షన్ అయింది. మావాడు మెయిన్స్‌కి క్వాలిఫై అయ్యాడు. దొంగను అరెస్ట్ చేశారు. ఈ మాటలు రోజూ తెలుగులోనే వాడేస్తాం కాబట్టి వీటిని ఎవరూ పదాలు గుర్తుపెట్టుకునే కార్డుల మీద రాసుకోరు. విదేశాల్లో పీజీ చదువుకు రాసే జీఆర్‌ఈలో, ఇంగ్లిష్‌ను పరీక్షించే వెర్బల్ భాగంలో తేలిగ్గా మార్కులు పోయేది ఇక్కడే. అక్కడ శాంక్షన్ అంటే ఆమోదం కావచ్చు, ఆంక్ష కూడా కావచ్చు. క్వాలిఫై అంటే అన్న మాటకు షరతు పెట్టి జోరు తగ్గించడం. అరెస్ట్ అంటే రోగమో క్షీణతో ముదరకుండా ఆపడం. కాంపౌండ్ వాల్ అందరికీ తెలుసు, సమస్యను కాంపౌండ్ చేయడమంటే ఇంకా ముదరబెట్టడం. అమీర్‌పేటలో జిరాక్స్ తీయించుకున్న పదాల లిస్టు తెరిచే ముందు చెక్, వాంట్, ఫ్లాగ్, ఎకానమీ లాంటివి ఓ యాభై రాసుకుని, ఒక్కోదానికి డిక్షనరీలో రెండో అర్థం, మూడో అర్థం చూడండి.

కొత్త పదాలు రోజుకు 8 నుంచి 10 చాలు. 30 చొప్పున ఎక్కిస్తే పది రోజులకు 300 పదాలు ‘ఎక్కడో చూశానే’ అన్నట్టు మిగులుతాయి. కార్డు ముందువైపు పదం కాదు, ఆ పదం ఉండాల్సిన చోట ఖాళీ వదిలిన వాక్యం రాయండి. వెనక పదం, తెలుగు అర్థం, అది మెచ్చుకోలా తిట్టా అన్న గుర్తు. ఆ గుర్తు చాలా ముఖ్యం: థ్రిఫ్టీ అంటే పొదుపరి, పార్సిమోనియస్ అంటే పిసినారి. ఇద్దరూ చేసేది ఒకటే, పిలిచేవాళ్ల ఉద్దేశమే వేరు. ప్రతి కార్డునూ మర్నాడు, 3వ రోజు, 7వ రోజు, 21వ రోజు మళ్లీ చూడాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో దిగేలోపు 40 కార్డులు తిరగేయొచ్చు.

ఇక ఖాళీలు పూరించే ప్రశ్నలు. ఈ వాక్యం చూడండి: ‘ది రివ్యూయర్స్ అప్రూవల్ వాజ్ ____: షీ అడ్మైర్డ్ ది ప్లాట్ బట్ ఫౌండ్ ది డైలాగ్ క్లమ్సీ.’ ముందు ఆప్షన్లను చేత్తో మూసేయండి. ఆ రెండు చుక్కల గుర్తు తర్వాత వచ్చేది ముందుమాటకు వివరణ. కథ నచ్చింది, సంభాషణలు నచ్చలేదు. అంటే ఖాళీలో ‘అరకొర’ లాంటి మాట రావాలి. తెలుగులోనే అనుకోండి, ఫర్వాలేదు. ఇప్పుడు చెయ్యి తీయండి: హోల్‌హార్టెడ్, క్వాలిఫైడ్, అనానిమస్, బిలేటెడ్, హెరెడిటరీ. అప్రూవల్ పక్కన వినడానికి హోల్‌హార్టెడ్ బాగుంటుంది కానీ బట్ దాన్ని కొట్టేస్తుంది. బిలేటెడ్ పెట్టినా వ్యాకరణం తప్పదు, అయితే ఆలస్యమైందన్న సంగతి వాక్యంలో ఎక్కడా లేదు. జవాబు క్వాలిఫైడ్. పరీక్షల క్వాలిఫై మాత్రమే తెలిసినవాళ్లు దాన్ని చూసి కూడా వదిలేస్తారు.

రెండు మూడు ఖాళీలున్నప్పుడు తేలికగా దొరికే ఖాళీతో మొదలుపెట్టండి, మొదటిదే ముందు నింపాలని లేదు. ఒక్కటి తప్పినా ప్రశ్న మొత్తం పోయినట్టే. ఒకే ఖాళీకి, వాక్యానికి ఒకే అర్థం ఇచ్చే రెండు మాటలను ఆరింటిలోంచి ఎంచుకునే సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లోనూ అంతే. అక్కడ పర్యాయపదాల జంట కనబడగానే టిక్ పెట్టడం పెద్ద పొరపాటు, వాక్యానికి అతకని జంటను కావాలనే పెడతారు.

ప్యాసేజీలకు మీ బ్రాంచికి సంబంధం లేని విషయాలు చదవండి. ఇంజినీరింగ్ వాళ్లయితే చరిత్ర, కళ, జీవశాస్త్రం. పరీక్ష కంప్యూటర్ మీదే కాబట్టి తెర మీదే చదవాలి, పెన్సిల్‌తో గీతలు గీసే అలవాటు అక్కడ పనికిరాదు. ఒక్కో పేరా అయ్యాక రచయిత ఏం చేశాడో తెలుగులో ఒక్క ముక్క రాయండి: ‘పాత వాదం చెప్పాడు’, ‘దాన్ని తోసిపుచ్చాడు’. హౌఎవర్, యెట్ దగ్గర ఆగండి, మలుపు అక్కడే. తప్పు ఆప్షన్ చాలాసార్లు ఒక్క మాట దగ్గరే గీత దాటుతుంది: రచయిత ‘కొన్నిసార్లు’ అంటే అది ‘ఎప్పుడూ’ అంటుంది.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత గైడ్లు దొరుకుతాయి. యాంటొనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జంటల పోలికలు) ఉంటే అది 2011కు ముందుది, ఆ భాగాలు వదిలేసి ప్యాసేజీలు వాడుకోండి. 2023 సెప్టెంబరు తర్వాత లెక్క మారింది: మొదటి సెక్షన్ 18 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండోది 23 నిమిషాల్లో 15. సగటున ప్రశ్నకు నిమిషంన్నర. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. తేలనిదానికి ఏదో ఒకటి పెట్టి, మార్క్ చేసి ముందుకెళ్లండి, అదే సెక్షన్‌లో టైముంటే వెనక్కి రావచ్చు.

జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనా టెస్టులు రెండే. ఒకటి నెల ప్రాక్టీసు అయ్యాక, రెండోది పరీక్షకు పది రోజుల ముందు రాయండి. రాసిన రోజే ప్రతి తప్పు పక్కనా కారణం నోట్ చేయండి: పదం తెలియక, వాక్యం అర్థంకాక, టైము చాలక. మర్నాటికి ఆ కారణం గుర్తుండదు.